తాళం పెట్టె

మద్రాసులో స్వెటర్ తొడుక్కుని చేసే ఉద్యోగం ఒకటుంది. అది నాకు దొరికింది. కంప్యూటర్ ఉన్న హాలును ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. యంత్రానికి ఉక్కపోస్తే లెక్క తప్పుతుందట. మాకు ఉక్కపోసినప్పుడు మాత్రం ఎవరికీ ఏ లెక్కా తప్పదు. మొన్న ఒక మధ్యాహ్నం ఆ చలిలో కూర్చుని ఉండగా, కార్డులు మింగే యంత్రం టకటకమని సాఫీగా నడుస్తూ నడుస్తూ ఒక్కచోట అర దెబ్బ ఆలస్యంగా అందుకుంది. హాలులో ఎవరూ పట్టించుకోలేదు. నా కుడిచెయ్యి మాత్రం నన్నడగకుండా గాలిలోకి లేచింది. పక్క బల్ల దగ్గరాయన నేను టీ కోసం చెయ్యెత్తాననుకుని రెండు టీలు చెప్పాడు. వచ్చిన టీ తాగాను, కాదనను. కానీ ఆ చెయ్యి లేచింది టీ కోసం కాదు, ఎర్ర గుడ్డ కోసం. ఆ గుడ్డ ఎప్పుడు ఎత్తాలో, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు ఎత్తక తప్పదో నాకు నేర్పినావిడ పేరు సన్యాసమ్మ.

అరవైల చివర విజయనగరంలో నేను బీయస్సీ లెక్కలు చదువుతున్నప్పుడు ఆవిడ మాకు లెక్చరర్. చదువుతున్నప్పుడు అన్నది మర్యాదకు అన్న మాట. మాది శృంగవరపుకోట దగ్గర పల్లె; మా నాన్నకు నేను చదువుతున్నాననీ, కాలేజీ వాళ్లకు నేను పొలం చూసుకుంటున్నాననీ ఉండేది. సన్యాసమ్మ మేడంది పాలకొండ వైపు. పొందూరు ఖద్దరు చీర, మగవాళ్ల చేతి గడియారం, సుద్దముక్క పొడి ఎప్పుడూ అంటుకుని ఉండే ఎడమ భుజం. ఆ పేరుతో, ఆ చీరతో ఆవిడ మొదటిరోజు క్లాసులోకి వస్తే ఎవరి కోసమో వచ్చిన పెద్దమ్మ అనుకుని నేను కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఆవిడ కూర్చుని, హాజరు పట్టీ తీసి, మొదట నా పేరే పిలిచింది. అంతకు ముందు కలకత్తాలో ఒక గణనాలయంలో మూడేళ్లు కంప్యూటర్ మీద పనిచేసి వచ్చిందన్న సంగతి మాకు తర్వాత తెలిసింది. ఇంగ్లీషులో పాఠం చెప్పేది, పుస్తకాల తెలుగులో విడమరిచేది, కోపం వచ్చినా సంతోషం వచ్చినా పాలకొండకు వెళ్లిపోయేది.

ఆ ఏడాది ఆవిడ ఒక పని పెట్టుకుంది. పైన ఒరిస్సా కొండల్లో ఇంత వాన పడితే కింద శ్రీకాకుళం దగ్గర నాగావళి ఎంత ఎత్తు లేస్తుందో గంట గంటకూ చెప్పే పట్టిక ఒకటి కంప్యూటర్ చేత వేయించాలని. ప్రోగ్రాం రాసింది. కలకత్తాలో పాత అధికారి ఒకాయన, తన మాట పోగొట్టుకోకుండా ఇవ్వగలిగింది పావుగంట అన్నాడు. యంత్రం మీద పావుగంట, ఒక్కసారి. తప్పు వస్తే సరిదిద్దుకుని మళ్లీ రావడానికి వీల్లేదు. వరుసలో అంత జనం. మా ప్రిన్సిపాల్ గారు కూడా ఆ పావుగంటకే ముడిపెట్టారు: "పట్టిక సరిగ్గా వస్తే వచ్చే ఏడాది నుంచి కంప్యూటర్ పాఠం ప్రత్యేకంగా పెట్టుకోండమ్మా. రాకపోతే ఆ మాట మళ్లీ నా దగ్గర ఎత్తకండి." ఆవిడ విజయనగరం వచ్చిందే ఆ పాఠం చెప్పడానికి. కాబట్టి ప్రోగ్రాం కలకత్తా వెళ్లకముందే తప్పుల్లేకుండా ఉండాలి. తప్పులున్నాయో లేదో చూడాలంటే కంప్యూటర్ కావాలి. విజయనగరంలో ఆనాడు కంప్యూటర్ అంటే, గట్టిగా వెతికితే, ఆ మాట పలకగలిగినవాళ్లు నలుగురు ఉండేవాళ్లు.

"యంత్రం లేదు కదా అని మానీలేం. మనమే యంత్రం అవుదాం," అంది ఒక ఆదివారం మా క్లాసంతటినీ పోగుచేసి.

ఆ కలకత్తా యంత్రానికి రెండు బుర్రలు. మొదటి బుర్ర లెక్క కడుతుంది, రెండో బుర్ర వచ్చిన అంకెలను అందుకుని వరుసలో పేర్చి అచ్చు వేస్తుంది. అందుకని ఆరో నంబరు గది మొదటి బుర్ర, ఏడో నంబరు గది రెండోది. మధ్యలో ఒక తలుపు, ఒక కిటికీ. ఒక్కొక్కరికీ ఒక పలక. ఆ పలకే యంత్రం జ్ఞాపకశక్తి. ఒకడు కూడతాడు, ఒకడు తీసేస్తాడు, ఒకతె ప్రోగ్రాం కాగితంలో తర్వాతి వాక్యం చదువుతుంది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు చేస్తే అది యంత్రం కాదు, పెళ్లివారిల్లు. అన్నీ దెబ్బ ప్రకారం జరగాలి: ఒక దెబ్బకు ఒక పని. నిజం యంత్రంలో ఆ దెబ్బ వేసేదాన్ని గడియారం అంటారట. మేడం దానికి తాళం అని పేరు పెట్టింది. దాంతో ప్రిన్సిపాల్ గారు రెండు రోజులు కంగారుపడ్డారు. "ఏమమ్మా, రోజూ తాళం తప్పింది తాళం తప్పింది అంటున్నారు, ఏ గదిది?" అని.

దెబ్బ వేసేవాళ్లకు మాత్రం మా క్లాసులో కొదవ లేదు. మొదటి గదికి సింహాచలం. శ్రీముఖలింగం వాడు, తాతల నుంచీ గుళ్లో వాయించే ఇల్లు; మృదంగం లేకుండా వాణ్ని చూస్తే బట్టల్లేకుండా చూసినట్టుండేది. రెండో గదికి కామేశ్వరి. పుట్టినప్పుడు ఏడుపు కూడా శృతిలోనే ఏడ్చిందని చెప్పుకునే సంగీత కుటుంబం. చెక్క స్కేలుతో బల్ల మీద ఆదితాళం వేసేది.

నన్ను మొదట తొమ్మిదో పలకగా పెట్టారు. తాళం మూడో చుట్టులో, అంటే మూడో ఆవర్తనంలో, విసుగొచ్చి పలక మీద అంకె పక్కన ప్రిన్సిపాల్ గారి మీసం గీశాను. దాన్ని కూడికవాడు పదకొండు అనుకుని కలిపేశాడు. నాగావళి వెనక్కి ప్రవహించింది. మేడం వచ్చి పలక చూసి, మీసం చూసి, నన్ను చూసింది.

"ఒరే సూరీ, నీకు నోరూ సెయ్యీ రెండూ ఊరుకోవు. నీకో పనిస్తాను. అందులో నోటితో పన్లేదు, బుర్రతో అసలే లేదు. సేస్తావేటి?"

"అలాంటి ఉద్యోగం కోసమే కదండీ డిగ్రీ చదువుతున్నాను," అన్నాను.

ఆ పని తాళం పెట్టె. రెండు బుర్రలకూ వేరువేరు గడియారాలున్నప్పుడు, ఎంత మంచివైనా, కాసేపటికి ఒకటి ముందూ ఒకటి వెనకా అవుతాయి. అందుకని ఆ యంత్రంలో రెంటికీ మధ్య ఒక చిన్న పెట్టె ఉంది. పదహారు దెబ్బలకు ఒకసారి అది రెండు తాళాలనూ వింటుంది. రెండూ సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద, ఒకేసారి పడితే పచ్చదీపం. పడకపోతే ఎర్రదీపం. అంతే. అది ఎవర్నీ ఆపదు, ఎవరికీ సాయం చెయ్యదు. నేను రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడాలి. ఒక చెవి మృదంగానికి, ఒక చెవి స్కేలుకు. పచ్చ గుడ్డ మేడం చీరకొంగు అంచు నుంచి చింపింది. ఎర్ర గుడ్డ మా నాన్న తలపాగాలోంచి నేను తెచ్చింది. సింహాచలం సమం కొట్టిన క్షణానే ఏదో ఒకటి ఎత్తాలి. "పెట్టెకి జోకులు రావు, గుర్తెట్టుకో," అంది మేడం.

పెట్టె బతుకు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎర్ర గుడ్డ ఎత్తినప్పుడల్లా మేడం "ఆపండి, మొదటి నుంచి" అనేది. నలభై నిమిషాలు కష్టపడి కట్టిన లెక్కంతా పలకల మీంచి చెరిగిపోయేది. ఇరవైమంది నావైపు చూసే చూపులు చూస్తే వాళ్లిళ్లలో నేనేదో నిప్పు పెట్టినట్టుండేది. "నువ్వు సెవిటోడివేటిరా? పడ్డాది కదా సమం మీద!" అనేవాడు సింహాచలం. వాడి సమం ఎప్పుడూ పడేది. తప్పేది కామేశ్వరిది. చక్కగా వేస్తూ వేస్తూ, తనను తాను మరిచిపోయి లోపల ఏదో కీర్తన అందుకునేది. ఆ రోజుల్లో ఆమె సాధన చేస్తున్న కీర్తన ఎత్తుగడ సమం మీద కాదు, సమం దాటిన అర దెబ్బకు. దాంతో స్కేలు కూడా అర దెబ్బ ఆగి పడేది.

"ఆలస్యంగా వేస్తున్నావు," అన్నాను ఒకసారి.

"ఆలస్యం కాదు. అనాగతం," అంది కామేశ్వరి, నేను వాళ్ల గురువుగారి తంబురా మీద చెప్పు పెట్టినట్టు చూసి. "తాళం ముందు వెళ్తుంది, పాట తర్వాత వచ్చి అందుకుంటుంది. మీ పల్లెలో అది ఆలస్యం కావచ్చు."

మా పల్లెలో పాసింజరు బండి కూడా అనాగతమే అని చెబుదామనుకున్నాను. పెట్టెకు జోకులు రావని గుర్తొచ్చి ఊరుకున్నాను. నా జీవితంలో మింగేసిన మొదటి జోకు అది, ఇంకా అరగలేదు.

మూడో ఆదివారం ఆఖరి ఆట. మర్నాడు మధ్యాహ్నం మేడంకు కలకత్తా బండి. ప్రోగ్రాం కాగితాలు తీసుకెళ్తే అక్కడ కార్డులకు చిల్లులు పొడిచి యంత్రానికి తినిపిస్తారు. ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడ కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో దాని అంచులు సర్దుతూనే ఉంది. బోర్డు ముందు ఎప్పుడూ తడుముకోని మనిషి వేళ్లు అలా తడుముకోవడం అదే మొదటిసారి చూడటం. గంట గడిచింది. అన్నీ పచ్చగుడ్డలే. సరిగ్గా అప్పుడు ఏడో గదిలోంచి సన్నగా కూనిరాగం వినిపించింది. కామేశ్వరి కీర్తన అందుకుంది. సింహాచలం సమం మీదకు వచ్చేస్తున్నాడు, ఆమె అర దెబ్బ వెనక ఉంది. నా చేతిలో ఎర్ర గుడ్డ. ఇరవైమంది ముఖాలు. మేడం వేళ్లు. నేను వెంటనే ఏ గుడ్డా ఎత్తలేదు. ఒక్క అర దెబ్బ ఆగాను. సమం కొట్టిన సింహాచలం గుడ్డ కనబడక తర్వాతి దెబ్బకు చెయ్యి గాల్లో ఆపి నావైపు చూశాడు. స్కేలు పడింది. అప్పుడు పచ్చ గుడ్డ ఎత్తాను. ఇద్దరూ కలిశారు. ఎవరూ గమనించలేదు. అలా మూడుసార్లు చేశాను.

జవాబు వచ్చింది. మేడం చేత్తో కట్టిన లెక్కతో అంకెకు అంకె సరిపోయింది. సింహాచలం పూనకం వచ్చినట్టు ముక్తాయింపు వాయించాడు. ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడి, "భేష్ అమ్మా, వెళ్లి రండి," అన్నారు. ఎవరో చేగోడీలు పంచారు. అందరూ వెళ్లిపోయారు. ఆవిడ ఒక్కతే కాగితాల కట్టకు తాడు చుడుతోంది. ముడి వేస్తూ పాలకొండ పాట ఏదో గొణుగుతోంది, పూర్తిగా అపశృతిలో. నేను రెండు గుడ్డలూ మడతపెట్టి ఇవ్వడానికి వెళ్లాను. ఇచ్చేసి వచ్చేస్తే సరిపోయేది. చేగోడీలు కూడా తిన్నాను.

"మేడం, పెట్టెకు ఒక జబ్బు చేసిందండీ," అన్నాను.

"ఏటి జబ్బు?"

"జాలి."

ఆవిడ తాడు చుట్టడం ఆపింది. నేను చెప్పాల్సింది చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకు అలవాటే, తట్టుకునేవాణ్ణి. ఆవిడ అరవలేదు.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"ఏ సమం దగ్గర?"

చెప్పాను. వేసిన ముడి గోళ్లతో విప్పింది. అప్పుడే వేసిన ముడులు విప్పడం కష్టం. "ఎల్లు. అందర్నీ పిలు. బేగి రమ్మను," అంది.

నేను పరుగెత్తాను. టీ దుకాణం దగ్గర సింహాచలం దొరికాడు. సంగతి విని, "ఒరే, అందరూ సంతోషంగా ఉన్నారు కదరా, నీకేటి నొప్పి?" అన్నాడు. అన్నాడే కానీ మృదంగం భుజానికెత్తుకుని నాకంటే ముందు నడిచాడు. దారిలో తక్కినవాళ్లను ఒక్కొక్కర్నీ ఇళ్లలోంచి, అరుగుల మీంచి వాడే లేపాడు. కోట వీధిలో కామేశ్వరి ఇంటి ముందు మాత్రం నేనే నిలబడాల్సి వచ్చింది. తప్పు తనదేనా అని అడిగింది. నాది, అన్నాను. అది నమ్మశక్యంగానే ఉందనుకుందేమో, స్కేలు తీసుకుని వచ్చింది.

పొద్దు ఇంకా ఉండగానే మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మేడం రెండు మాటలు చెప్పింది. ఒకటి, కామేశ్వరి తాళాన్ని ఎవరూ సరిదిద్దకూడదు. "నీకు పాట వస్తే పాడుకో. కలకత్తాలో రెండో బుర్రకీ ఇలాంటి పాటేదో ఉంటాది." రెండు, ఎర్ర గుడ్డ లేచినా ఆట ఆపకూడదు. "తప్పు సూరిది ఒక్కడిదే కాదర్రా, నాదీను. ఎర్ర గుడ్డ లేచినప్పుడల్లా నేనే ఆపండి అన్నాను. అక్కడ నా మాట ఇని ఆగేదెవరు? ఎర్రదీపం ఎలిగితే ఏటి సెయ్యాలో నా ప్రోగ్రాంలో ఉందా లేదా అన్నది మనం ఒక్కసారీ సూడనే లేదు."

కూనిరాగం వచ్చింది. సింహాచలం సమం కొట్టాడు. నేను ఎర్ర గుడ్డ ఎత్తాను. ఎత్తేటప్పుడు కళ్లు మూసుకున్నాను. పెట్టెలకు కళ్లుండవు కాబట్టి నియమం తప్పినట్టు కాదు. ఈసారి ఎవరూ ఆగలేదు. మొదటి గది తన అంకెను రెండో గదికి చూపించే పలక కిటికీలో ఒక్క దెబ్బసేపే నిలబడాలి, తర్వాత చెరిపేయాలి. చెరిపేశారు. అర దెబ్బ ఆలస్యంగా వచ్చిన రెండో గదివాళ్లు సగం చెరిగిన అంకె మీద సగం రాసిన అంకె చూసి, కనబడినదాన్ని రాసుకున్నారు. ప్రోగ్రాంలో ఆ ఎర్ర గుడ్డను చూసే వాక్యం ఒక్కటీ లేదు. గంట తర్వాత వచ్చిన జవాబు ప్రకారం నాగావళి మూడువందల అడుగులు లేచింది.

మేడం ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. ఆవిడ ఏడుస్తుందేమోనని అందరికీ భయం వేసింది. ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"సూడరా సూరీ," అంది కళ్లు తుడుచుకుంటూ, "నీ జాలి శ్రీకాకుళాన్ని ముంచేసింది."

తర్వాత పని చిన్నదే. ఎర్ర కనబడితే పలక చెరపకు, వెనక్కి వెళ్లి పెట్టెను మళ్లీ అడుగు, అని ఒక వాక్యం. దాన్ని కాగితంలో రెండు వరుసల మధ్య ఇరికించి రాసింది. మూడోసారి ఆడాం. అందరి గొంతులూ బొంగురుపోయాయి, సింహాచలం అరచేతులు ఎర్రబడ్డాయి. నాలుగుసార్లు ఎర్ర గుడ్డ ఎత్తాను. నాలుగుసార్లూ మొదటి గది ఆగింది, అడిగింది, కలిశాక కదిలింది. నాగావళి బుద్ధిగా ఒడ్డుల మధ్యకు వచ్చింది. అప్పుడు ఆవిడ నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట ఇంతే: "లేని యంత్రాన్ని నటించేటప్పుడు దాని మంచితనం ఎవడైనా నటిస్తాడు. దాని తప్పుని కూడా సరిగ్గా నటించాలి. లేకపోతే అది నటన కాదు, పొగడ్త." ఇది పుస్తకాల తెలుగులో చెప్పింది కాబట్టి అప్పుడు కోపమూ లేదు, సంతోషమూ లేదు, పాఠం.

పది రోజులకు తిరిగొచ్చింది. చేతిలో మడతలు మడతలుగా పొడుగాటి అచ్చు కాగితం. గోడకు ఈ చివర నుంచి ఆ చివర దాకా కట్టి చూపించింది. అంకెలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పావుగంటలో ఎర్రదీపం మూడుసార్లు వెలిగిందట. మూడుసార్లూ ప్రోగ్రాం ఆగి, అడిగి, కదిలిందట. ఇంకా కుర్చీలో కూర్చోకముందే ఆవిడ అడిగిన మొదటి మాట, "కామేశ్వరేదర్రా? కలకత్తాలో కూడా అనాగతమేనని సెప్పండి." కామేశ్వరి ఆ రోజంతా నాతో ఏకవచనంలో మాట్లాడింది, గెలిచినవాళ్ల హక్కుగా. ప్రిన్సిపాల్ గారు కాగితం పొడుగు చూసి క్లాసు మంజూరు చేశారు. అంకెలు చూసి చేశారని మాత్రం నేననుకోను. మరుసటి ఏడాది ఆ పాఠంలో పదకొండుమందిమి. ఇప్పుడు నాకు జీతం వస్తున్నది ఆ పాఠం వల్లే. ఆవిడ ఇప్పటికీ అక్కడే, ఆరో నంబరు గదిలోనే చెబుతోంది. పలకలు కొత్తవి కొన్నారట.

మొన్న కార్డుల యంత్రం నా చెయ్యి ఎత్తించడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ మా పెద్ద యంత్రం ఈ మధ్య ఒక విద్య నేర్చుకుంది. తను ఒక్కటే అయినా పదిమందికి పది యంత్రాలుగా కనిపిస్తుంది. ఒకే ఇంట్లో నలుగురు కోడళ్లు ఎవరికి వారు ఇల్లు తమదే అనుకున్నట్టు, ఎవరికి వారు యంత్రమంతా తమదే అనుకుంటారు. అలాంటి లేని యంత్రానికి రెండు బుర్రలు పెడితే వాటి గడియారాలను కలిపి చూసే పెట్టెను కూడా లేకుండానే ఉన్నట్టు చూపించాలి. ఆ ప్రోగ్రాం రాసే పని నాకిచ్చారు. మా అధికారి మంచివాడు. "ఎందుకంత శ్రమ? పెట్టెను ఎవరు అడిగినా పచ్చ అని చెప్పెయ్యి. అందరూ సంతోషంగా ఉంటారు," అన్నాడు. ఆయన మాటలో నాకు టీ దుకాణం దగ్గరి సింహాచలం గొంతు వినిపించింది. నేను తల ఊపి, గడియారాలు కలవనప్పుడు ఎర్ర అని చెప్పేలాగే రాశాను. రెండో రోజే ఆయన సొంత ప్రోగ్రాం ఆ ఎర్ర మీద బోర్లాపడింది. ఎర్రను చూసే వాక్యం అందులో లేదు. అరగంట నా మీద కోపం, తర్వాత తన కాగితం మీద. సాయంత్రానికి ఆ వాక్యం రాసుకుని, వెళ్తూ వెళ్తూ, "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. గుమ్మంలో నిలబడి, అన్నాను. అర్థం కాలేదు. పోనీలెండి.

ఎర్ర గుడ్డ నా బల్ల సొరుగులో ఉంది. మా నాన్న ఇప్పటికీ దాన్ని వెతుకుతున్నాడు. ఆ రాత్రి మేడంకు ఒక కార్డు ముక్క రాశాను: "మేడం, మళ్లీ తాళం పెట్టెనయ్యాను. ఈసారి మూడువందల అడుగులు లేవలేదు. జాలి బాగా తగ్గింది."

వారానికి జవాబు వచ్చింది. పుస్తకాల తెలుగు కాదు.

"ఒరే సూరీ, నీకు తగ్గకూడదు. పెట్టెకి తగ్గితే సాలు."